ఐదో నోరు కాకండి

సైకాలజీ చదువుకుని, పసిపిల్లలతోనూ వాళ్ళ కుటుంబాలతోనూ పనిచేయాలనుకుంటున్న మా పిల్లలకు,

1983లో నేనొక తల్లికి అబద్ధం చెప్పాను. అది అబద్ధమని అప్పుడు నాకు తెలియదు. నాకు ఇరవై ఆరేళ్ళు. హోమ్ సైన్స్‌లో చైల్డ్ డెవలప్‌మెంట్ పీజీ చేసి, హైదరాబాదులో ఒక పిల్లల క్లినిక్‌లో చేరి ఏడాది దాటింది. ఆమె నల్గొండ జిల్లా నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చింది. చంకలో రెండున్నరేళ్ళ పాప. ఇంకా మాట రాలేదు. పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాను, తిరిగి చూసింది. బొమ్మలిస్తే చక్కగా ఆడుకుంది. కళ్ళలోకి చూసి నవ్వింది. "ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారు?" అని అడిగాను. తను పొద్దున్నే కూలికి పోతాననీ, పాప నాయనమ్మ దగ్గర ఉంటుందనీ చెప్పింది. "నువ్వు మాట్లాడేది చాలడం లేదమ్మా. ఇంకా మాట్లాడు" అన్నాను. ఆమె తల వంచుకుని సరేనంది.

ఏడాది పాటు మాట్లాడింది. నాట్లేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. ఆ దీపావళికి ఊళ్ళో పిల్లలందరూ టపాకాయలకు చెవులు మూసుకుంటే, ఈ పిల్ల మాత్రం చేతులు చాపి వెలుగు వంక చూసి కేరింతలు కొట్టిందట. నాయనమ్మ అది గమనించింది. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఆ ముసలమ్మే నాతో, "మా పిల్లకు చెవులు ఇనపడతయో లేదో జర చూడు బిడ్డా" అంది. పెద్దాసుపత్రిలో చెవి డాక్టరుకు చూపిస్తే, పుట్టుకతోనే రెండు చెవులూ దాదాపు వినపడవని తేలింది. నా చప్పట్లకు పాప తిరిగింది శబ్దం విని కాదు. మెడకు తగిలిన గాలికో, గోడ మీద కదిలిన నీడకో తిరిగింది. వినికిడి పరీక్షకు చప్పట్లు పనికిరావని ఇప్పుడు మొదటి పాఠంలోనే చెబుతారు. నాకు ఆ పాఠం ఒక తల్లి ఏడాది కష్టంతో తెలిసింది.

మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ తల్లి. ఈ వృత్తిలో ఏ పుస్తకాలు చదవాలో మీకు టీచర్లు చెబుతారు. ఏ ముఖంతో ఆ కుర్చీలో కూర్చోవాలో చెప్పేవాళ్ళు తక్కువ.

మన దగ్గరికి వచ్చే తల్లి అప్పటికే నాలుగు నోళ్ళ మాట పడి వస్తుంది. అత్తగారు "మావాడు తొమ్మిదో నెలకే అత్తా తాతా అన్నాడు" అంటుంది. భర్త "ఇంట్లో ఉండి నువ్వు చేసేదేంటి?" అంటాడు. ఆమె ఉద్యోగం చేస్తుంటే "ఉద్యోగం వల్లే ఇదంతా" అంటాడు. బడిలో టీచరు డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపుతుంది. పక్కింటావిడ ఏమీ అనదు, తన పిల్లను పిలిచి అందరి ముందూ పద్యం చెప్పిస్తుంది. ఆమె మన గుమ్మం ముందు చెప్పులు విప్పేసరికే సగం నేరం ఒప్పుకుని ఉంటుంది. మనం ఐదో నోరు కాకూడదు. మన నోట్లో ఇంగ్లీషు మాటలుంటాయి, గోడ మీద సర్టిఫికెట్ ఉంటుంది. అందుకే ఆ ఐదో నోరు మిగతా నాలుగింటికంటే లోతుగా కోస్తుంది.

ఇది నా ఒక్కదాని తప్పు అయితే మీకు చెప్పేదాన్ని కాదు. మన శాస్త్రం మొత్తం ఒకప్పుడు ఈ తప్పు చేసింది. 1943లో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసి, ఆటిజానికి స్పష్టమైన వర్ణన ఇచ్చాడు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. అక్కడి నుంచి అది పెరిగి పెరిగి, తల్లులు మంచుగడ్డల్లా ఉండటం వల్లే పిల్లలు ఇలా అవుతున్నారన్న సిద్ధాంతమైంది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఏకంగా పుస్తకం రాసి దాన్ని ఊరూరా నమ్మించాడు. వేలమంది తల్లులు తమ ప్రేమ చాలలేదని కుమిలిపోయారు. దీన్ని ఎదిరించిన వాళ్ళలో ముందుగా చెప్పవలసిన మనిషి బెర్నార్డ్ రిమ్లండ్. సైకాలజిస్టు, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. ఇది మెదడు, నాడీమండలానికి సంబంధించిన విషయమనీ, పెంపకం తప్పు కాదనీ 1964లోనే పుస్తకం రాశాడు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలబడి మీ తప్పేమీ లేదని చెప్పాడు. ఇరవై ఆరేళ్ళు పట్టింది. ఆ ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది అమ్మలు పాప పడుకున్నాక వంటింట్లో ఒంటరిగా ఏడ్చి ఉంటారో మీరే ఊహించుకోండి.

అందుకని ముందు చూడటం నేర్చుకోండి. చెప్పడం తర్వాత.

చూడటంలో నాకు గురువు మేరీ ఎయిన్స్‌వర్త్. నేను ఆమెను కలవలేదు, చదివాను. 1954లో భర్తకు ఉగాండాలో ఉద్యోగం వస్తే ఆమె వెంట వెళ్ళింది. కంపాలా దగ్గరి పల్లెల్లో 26 ఇళ్ళకు, రెండు వారాలకోసారి, నెలల తరబడి వెళ్ళి కూర్చుంది. ప్రయోగశాల లేదు, దుబాసీ సాయంతో మాట్లాడుతూ, కళ్ళతో చూసింది. పాకే పిల్ల కొంతదూరం వెళ్ళి వెనక్కి తిరిగి అమ్మ ఉందో లేదో చూసుకుని మళ్ళీ ముందుకు పోవడం ఆమె అక్కడ గమనించింది. పిల్లలకు అమ్మ ఒక స్థావరం లాంటిదనీ, ఆ ధైర్యంతోనే లోకాన్ని చూడటానికి బయల్దేరతారనీ తర్వాత ఆమె చెప్పిన మాటలకు పునాది ఆ మట్టి అరుగుల మీద పడింది. ఇప్పుడు ప్రపంచమంతా ఉదహరించే ఆమె ప్రయోగం తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో, ఒక గదిలో జరిగింది. కానీ ఆ గదికంటే ముందు ఇళ్ళున్నాయి. మీకు అవకాశం దొరికినప్పుడల్లా ఇంటికి వెళ్ళండి. క్లినిక్‌లో కనబడే పిల్లవాడు సగం పిల్లవాడే. మంచం కింద దాక్కునేవాడు, తాత భుజం మీద ఎక్కేవాడు, చెల్లి ఏడిస్తే అమ్మ చెంగుతో కళ్ళు తుడిచేవాడు మీకు క్లినిక్‌లో కనబడడు.

మన ఇళ్ళల్లో చూసేందుకు ఎంతో ఉంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసే ముసలమ్మ ఒక్కో వేలు లాగుతూ బిడ్డతో ఊసులాడటం చూశారా? ముఖం ఎదురుగా ముఖం, ఒంటికి స్పర్శ, బిడ్డ 'ఊ' అంటే తను 'ఊ' అనడం. ఒకరి తర్వాత ఒకరు పలకడమనే మాటల ఆటకు అదే మొదలు. మన పెద్దవాళ్ళ దగ్గర ఎదుగుదల పట్టిక కూడా ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలికితే చిలకలు. అది వేడుకే కానీ, వీధి మొత్తానికి ఈ బిడ్డ ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే ప్రకటన కూడా. అరిసెలు రావలసిన ఇంటి నుంచి రాకపోతే ఇరుగమ్మ అడిగేది. ఆ అడగడంలో కొంత ఎత్తిపొడుపు ఉండేది, కానీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. ఇప్పుడు నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో తల్లీబిడ్డా ఇద్దరే. ఆ ఇరుగమ్మ పని ఎత్తిపొడుపు లేకుండా చేయవలసింది మీరు.

అయితే అరిసెలకు తేదీ లేదు. ఈ సంగతి తల్లులకు వివరంగా చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘానా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను గమనించి ఒక లెక్క ఇచ్చింది. ఎవరి సాయం లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఎంత తేడానో చూడండి. తొమ్మిది నెలలకు నడిచిన పిల్లకూ పదిహేడు నెలలకు నడిచిన పిల్లకూ ఇద్దరికీ లోపం లేదు. ఈ ఒక్క అంకె చెబితే భుజాలు దించి ఊపిరి పీల్చుకున్న తల్లులను నేను వందల్లో చూశాను. కానీ ఓదార్పుకూ నిర్లక్ష్యానికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. మాట రాని పిల్లను చూసి "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చింది", "వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాయండి" అని మూడేళ్ళు గడిపేస్తారు. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోతే చూపించాలి. ముందు చూపించవలసింది చెవులు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు కావాలని వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. నా దగ్గరికి వచ్చిన ఆ పాప రెండున్నరేళ్ళది. నా వల్ల మూడున్నరేళ్ళదైంది.

అడగవలసినవి అడగకుండా వదలొద్దు కూడా. మన తెలుగు కుటుంబాల్లో మేనరికాలు ఇంకా ఉన్నాయి. పుట్టు చెవుడు లాంటివి కొన్ని దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా కనబడతాయి. "మేనరికమా?" అని కలం ఎత్తి అడిగితే అది అభియోగం. మేనమామను చేసుకోవడం ఆ తల్లి నిర్ణయం కాదు, పదిహేడేళ్ళ వయసులో ఎవరో తేల్చేశారు. నేను ఇలా అడిగేదాన్ని: "పెళ్ళికి ముందు మీరూ మీరూ బంధువులేనామ్మా? ఎందుకంటే రేపు ఇంకో బిడ్డ పుడితే మనం మొదటి వారంలోనే పరీక్ష చేయించుకుందాం." రెండింటిలోనూ అడిగిన విషయం ఒకటే. రెండో దానికి జవాబు నిజంగా వస్తుంది.

తల్లుల అపరాధ భావం గురించి ఇంకొకటి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1970లలో ఒక ప్రయోగం చేశాడు. బిడ్డతో ఆడుకుంటున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోమన్నాడు. బిడ్డ నవ్వించబోతుంది, వేలు చూపిస్తుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి మళ్ళీ నవ్వగానే తేరుకుంటుంది. ఈ ప్రయోగం వీడియో చూసిన తల్లులు హడలిపోతారు, నేను ఫోన్ చూసుకుంటే నా బిడ్డకూ ఇంతేనా అని. ఆ ప్రయోగాన్ని భయపెట్టడానికి వాడకండి. అదే మనిషి తర్వాత చెప్పిన మాట చాలామందికి చేరలేదు. మామూలు, ఆరోగ్యమైన తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి కలిసేది సుమారు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్ళీ దొరకబుచ్చుకోవడం. బిడ్డను పెంచేది ఆ దొరకబుచ్చుకోవడమే. కోప్పడి చేయి చేసుకుని, రాత్రి నిద్రపోతున్న పిల్లవాడి తల నిమురుతూ ఏడ్చే తల్లి మీ దగ్గరికి వస్తుంది. కొట్టడం తప్పేనని చెప్పండి, దాచొద్దు. వాడు నిద్ర లేచాక తల నిమరమని, కోపం వచ్చింది కానీ కొట్టకుండా ఉండవలసిందని వాడితోనే చెప్పమని కూడా చెప్పండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు లేదు. అది నేర్పగలిగితే మీ చదువుకు ఫలితం దక్కినట్టే.

ఫోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండేళ్ళ లోపు తెర వద్దని, ఆ పైన ఐదేళ్ళ లోపు వాళ్ళకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సరైన మాటే. కానీ ఫోన్ చూపించి బిడ్డకు ముద్ద మింగించి, గిన్నెలు తోమి, తొమ్మిదింటికి క్యాబ్ ఎక్కవలసిన ఆడపిల్లకు ఈ అంకె ఒక్కటే ఇచ్చి పంపితే ఆమె మళ్ళీ రాదు. ఒక్క పూట అడగండి. రాత్రి పూట ఒక్కటి, నాన్న తినిపించేలా, ఫోన్ లేకుండా. అది కుదిరాక రెండోది. ఈ మాట నాన్నతో చెప్పాలి, అమ్మతో చెప్పి నాన్నకు చెప్పించడం కాదు. నేను పనిచేసిన మొదటి పదేళ్ళూ తండ్రులను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. వాళ్ళు రారని అనుకున్నాను. నిజానికి నేను పిలవలేదు.

ఈ పనికి ఫలితం ఉంటుందా అని మీరు అడగవచ్చు. అడగాలి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం 1980లలో పేదవాడల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలను తీసుకుంది. అందులో కొందరి ఇళ్ళకు పెద్ద చదువులేమీ లేని ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి, గంటసేపు, రెండేళ్ళు వెళ్ళారు. చేతిలో ఖాళీ సీసాలతో, అట్టముక్కలతో చేసిన బొమ్మలు. పనల్లా తల్లికి బిడ్డతో ఆడటం చూపించి, ఆమె ఆడుతుంటే బాగుందని చెప్పడం. ఇరవై ఏళ్ళ తర్వాత వెతికి చూస్తే, ఆ పిల్లలు అలాంటి సాయం అందని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. 2014లో ఆ ఫలితం ప్రచురించారు. నేను ఆ పత్రం చదివిన రోజు మన అంగన్‌వాడీ టీచర్లు గుర్తొచ్చారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన అంగన్‌వాడీ పథకం ఇప్పుడు దాదాపు ప్రతి పల్లెకూ చేరింది. గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు రాసుకుంటూనే టీచరుకు పొద్దు గూకుతుంది. ఆమె పక్కన కూర్చుని ఆట నేర్పేవాళ్ళు కావాలి. ఆ కొలువు మీది.

కొలువుల మాట వచ్చింది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట్లో జీతం తక్కువ. ఇంజనీరింగ్ చదివిన మీ క్లాస్‌మేట్ మొదటి నెల జీతం మీకు పదేళ్ళకు రావచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి, వాటిలో సైకాలజిస్టు కొలువులుంటాయి. బడులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థకు ఒకసారి వెళ్ళి రండి, పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు మనకు దగ్గర్లో లేదు. ఒక్క హెచ్చరిక. ఎదుగుదల శాస్త్రం చదివిన వాళ్ళమంతా చికిత్స చేసేవాళ్ళం కాము. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. ఆ అర్హత లేకుండా బోర్డు కట్టకండి. "ఇది నా పని కాదమ్మా, ఫలానా వారి దగ్గరికి వెళ్ళండి, నేను ఉత్తరం రాసిస్తాను" అనడం చేతకానితనం కాదు. 1983లో నేను ఆ మాట అని ఉంటే ఏడాది మిగిలేది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లల నుంచి కూడా నాకు ఫోన్లు వస్తాయి. బాబుకు మాట ఆలస్యమైంది, ఇంట్లో తెలుగు మానేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడమన్నారు, ఏం చేయమంటారు అని. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తెలుగు మానేస్తే బాబుకు ఇంగ్లీషు త్వరగా రాదు, ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన అమ్మమ్మతో మాట మాత్రం పోతుంది. అమ్మమ్మ లాంటి మనిషి బిడ్డకు ఎంత బలమో చూడండి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు మధ్య పెరిగినవాళ్ళలో కూడా మూడో వంతు మంది నిబ్బరమైన మనుషులయ్యారు. వాళ్ళలో ఎక్కువమందికి చిన్నప్పుడు గట్టిగా పట్టుకున్న పెద్దవాళ్ళు కనీసం ఒకరున్నారు. తల్లీతండ్రే కానక్కరలేదు, అమ్మమ్మో తాతో టీచరో కావచ్చు. పాలమూరు నుంచి తల్లిదండ్రులు వలస పోతే ఊళ్ళో అవ్వ దగ్గర మిగిలిన పిల్లలను చూసినప్పుడు నాకు ఆ కవాయి పిల్లలే గుర్తొస్తారు. అవ్వను మీ దగ్గరికి రమ్మనండి. పక్కన నిలబెట్టకండి, కుర్చీ వేయండి. నా తప్పు కనిపెట్టింది అవ్వే.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. చెవుడని తేలిన రెండు వారాలకు నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. ఎవరూ పంపలేదు, సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె పొలం నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను. "నీ మాట చాలలేదని చెప్పాను, అది తప్పు. నీ వల్ల ఏమీ కాలేదు. నేను ముందే చెవులు చూపించమనవలసింది" అన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కాసేపు నా వంక చూసి, "ఇప్పుడు ఏం చెయ్యాల్నమ్మా?" అంది. పాపకు జేబులో పెట్టుకునే పెద్ద మిషను పెట్టించాం, బధిరుల బడిలో చేర్పించాం. పోయిన ఆ ఏడాది తిరిగి రాలేదు.

ఇన్నేళ్ళలో నా గదికి వచ్చిన ప్రతి తల్లిలోనూ ఆ ప్రశ్నే విన్నాను. ఎవరు తప్పు చేశారని ఆమె అడగడానికి రాదు, ఇప్పుడేం చేయాలని అడగడానికి వస్తుంది. రేపు మీ గుమ్మం ముందు ఒకామె బిడ్డనెత్తుకుని నిలబడుతుంది. లేచి వెళ్ళండి. మంచినీళ్ళివ్వండి. మీరూ కింద చాప మీద కూర్చుని, బిడ్డ తనంతట తను మీ దగ్గరికి వచ్చేదాకా ఆగండి. తల్లి బాగా చేస్తున్నది ఒకటి మీ కళ్ళతో చూసి ఆమెకు చెప్పండి. ప్రశ్నలు ఆ తర్వాత అడగండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ